55 శాతం తగ్గింపు ల్యాప్‌టాప్, పక్కనే తిరిగే టైమర్: ఈ డీల్ నిజమేనా?

కొత్తబేరం
అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ ఇక్కడ చదివి వెళ్ళిపోయేదాన్ని, మొదటిసారి రాస్తున్నాను. ల్యాప్‌టాప్ ఒకటి కొనాలి. నేను వీడియో ఎడిటింగ్ నేర్చుకుంటున్నాను, తమ్ముడు గేములు ఆడతాడు, ఇద్దరికీ ఒకటే. ఒక సైట్‌లో 55 శాతం తగ్గింపు అని చూపిస్తున్నారు. 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ, ఆర్‌టీఎక్స్ 4060. పక్కనే ఎర్ర అంకెల్లో టైమర్, దాని కింద "ఇంకా 3 మాత్రమే మిగిలాయి" అని ఇంకో లైను. ఇదే గ్రాఫిక్స్ కార్డున్న వేరే కంపెనీ ల్యాప్‌టాప్‌కి దీనికన్నా పావు వంతు ఎక్కువ అడుగుతున్నారు, దాని మీద తగ్గింపు 12 శాతమే. పైకి చూస్తే మొదటిదే లాభం. కానీ అన్నీ ఒకటే అయితే ఇంత తేడా ఎందుకుందో అర్థం కావట్లేదు. కొనేయమంటారా?

తొందరుంది
55 శాతమంటే ఇంకా ఆలోచన ఏంటండీ, నొక్కేయండి.

లెక్కలపుస్తకం
నొక్కకండి. ముందు ఆ పేజీని బ్రౌజర్‌లో ప్రైవేట్ విండో తెరిచి అందులో చూడండి. కొన్ని సైట్లలో టైమర్ మళ్ళీ మొదటి నుంచి మొదలవుతుంది. అలా మొదలైతే ఆ అమ్మకందారు సంగతి మీకు అక్కడే తెలిసిపోతుంది.

రెండోది, 55 శాతం దేని మీద? కొట్టేసి చూపిస్తున్న ఆ పాత ధరకి ఎవరైనా ఎప్పుడైనా కొన్నారా? చాలాసార్లు ఆ ధర కాగితం మీద తప్ప ఎక్కడా ఉండదు. అది కొనడానికి పెట్టిన ధర కాదు, కొట్టేయడానికి పెట్టిన ధర. యూరోపియన్ యూనియన్‌లో దీనికోసం చట్టమే తెచ్చారు: 2022 మే 28 నుంచి ఏ వస్తువు మీదైనా తగ్గింపు అని ప్రకటిస్తే, అంతకుముందు 30 రోజుల్లో అది అమ్మిన అతి తక్కువ ధరని పాత ధరగా చూపించాలి. అంత కచ్చితమైన నిబంధన లేనిచోట ఆ లెక్క మనమే వేసుకోవాలి.

అమెజాన్‌లో ఉన్న వస్తువైతే కీపా, కామెల్‌కామెల్‌కామెల్ అని రెండు సైట్లున్నాయి. లింక్ అక్కడ పెడితే నెలల తరబడి ధర ఎలా నడిచిందో గ్రాఫ్ వస్తుంది. చూసేటప్పుడు ఒక జాగ్రత్త. అమెజాన్ సొంతంగా అమ్మిన ధర ఒక గీత, బయటి అమ్మకందార్ల ధర ఇంకో గీత, వాడినవాటిది మరో గీత. రెండు గీతలు కలిపి చదివితే లేని తగ్గింపు కనిపిస్తుంది. నేను చూసేది అతి తక్కువ ధర కాదు. ఆ వస్తువు ఎక్కువ రోజులు ఏ ధర దగ్గర కూర్చుందో అది దాని అసలు ధర. అక్కడి నుంచి ఎంత తగ్గిందన్నదే నాకు డీల్. సేల్‌కి రెండు మూడు వారాల ముందు గీత ఉన్నట్టుండి పైకి లేచి, సేల్ రోజున మామూలు చోటికి దిగితే అందులో తగ్గింపేమీ లేదు.

సర్క్యూట్‌పిచ్చి
ధర సంగతి లెక్కలపుస్తకం గారు చెప్పారు. నా ప్రశ్న వేరే. రెండిట్లోనూ ఉన్నది ఒకే 4060 అని మీకెవరు చెప్పారు?

పేరు ఒకటే, కార్డు ఒకటి కాదు. ల్యాప్‌టాప్ 4060కి, ఆ కార్డు చిప్పు తయారుచేసే ఎన్విడియా ఇచ్చిన పరిధి 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా. ఎన్ని వాట్లు ఇవ్వాలో ల్యాప్‌టాప్ తయారుచేసే కంపెనీ ఇష్టం. పలచటి బాడీలో, చిన్న ఫ్యాన్లతో 60 వాట్ల దగ్గర కట్టేసిన కార్డు, లావుపాటి బాడీలో 115 వాట్లు తాగే కార్డు పెట్టె మీద ఒకే పేరుతో ఉంటాయి. గేమ్ తెరిస్తే కానీ తేడా తెలియదు.

పూర్తి మోడల్ నంబరు కావాలి. సైట్‌లో ఉన్న సిరీస్ పేరు కాదు, చివర అక్షరాలూ అంకెలూ గీతలూ ఉండే పొడుగు నంబరు. అది కంపెనీ సొంత సైట్‌లో వెతికి మూడు సంగతులు చూడండి: గ్రాఫిక్స్ కార్డుకి ఎన్ని వాట్లు, ర్యామ్ ఒక స్టిక్కా రెండా, స్క్రీన్ రంగుల శాతం ఎంత. వీడియో ఎడిటింగ్ అన్నారు కాబట్టి మూడోది ముఖ్యం.

కొత్తబేరం
చూశాను. టైమర్ నిజంగానే మళ్ళీ మొదలైంది 🙂

తగ్గింపు ల్యాప్‌టాప్: 75 వాట్లు, 16 జీబీ ఒకే స్టిక్, స్క్రీన్ దగ్గర "45 శాతం ఎన్‌టీఎస్‌సీ" అని ఉంది. రెండోది: 115 వాట్లు, 8 జీబీ స్టిక్‌లు రెండు, "100 శాతం ఎస్‌ఆర్‌జీబీ". వీటి అర్థం చెప్పగలరా?

సర్క్యూట్‌పిచ్చి
రెండూ స్క్రీన్ ఎన్ని రంగులు చూపించగలదో చెప్పే కొలతలే. 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అంటే ఎస్‌ఆర్‌జీబీ లెక్కలో సుమారు మూడింట రెండొంతుల రంగులు. ఎరుపు ఇటుక రంగులా కనిపిస్తుంది. ఆ స్క్రీన్ మీద మీరు రంగులు సరిచేసి వీడియో పంపితే, చూసేవాళ్ళ ఫోన్‌లో మొహాలన్నీ ఎర్రగా మండిపోతూ ఉంటాయి. ఎందుకంటే మీ స్క్రీన్ చూపించలేని రంగుని మీరు పెంచుకుంటూ పోతారు.

ఒకే స్టిక్ ర్యామ్ అంటే మెమరీకి ఉన్న రెండు దారుల్లో ఒకటి ఖాళీగా ఉన్నట్టు. అది తర్వాత ఇంకో స్టిక్ కొని సరిచేసుకోవచ్చు, స్లాట్ ఉంటే. స్క్రీన్‌నీ వాట్లనీ తర్వాత మార్చుకోలేం.

అంటే మీ ముందున్నవి ఒకే వస్తువుకి రెండు ధరలు కావు. రెండు వేర్వేరు వస్తువులు. 55కీ 12కీ పోలికే లేదు.

టీవీముందర
ఇదే తంతు టీవీల్లో ఇంకా ఘోరం. పెద్ద సేల్‌ల కోసమే ప్రత్యేకంగా తయారుచేసే మోడళ్ళు ఉంటాయి. పేరు దాదాపు అదే, నంబరులో ఒకటో రెండో అక్షరాలు వేరు. బయటి నుంచి చూస్తే అక్కచెల్లెళ్ళలా ఉంటాయి. లోపల హెచ్‌డీఎంఐ పోర్టు ఒకటి తక్కువ, బ్యాక్‌లైట్ బలహీనం, 120 హెర్ట్జ్ బదులు 60. రివ్యూలు మంచి మోడల్‌కి వస్తాయి, అమ్ముడుపోయేది ఇది. ఆ నంబరు మీద ఒక్క రివ్యూ కూడా దొరకకపోతే అనుమానించాల్సిందే.

"మోషన్ రేట్ 240" లాంటి మాటలు పట్టించుకోకండి. ప్యానెల్ సొంత రిఫ్రెష్ రేట్, అంటే సెకనుకి బొమ్మ ఎన్నిసార్లు మారుతుందో (అదే హెర్ట్జ్ అంకె), అడగండి. ఇక హెచ్‌డీఎంఐ 2.1 అన్న ముద్ర చూసి మురిసిపోవద్దు. 2021లో హెచ్‌డీఎంఐ లైసెన్సు చూసే సంస్థే చెప్పింది: 2.0 అనేది ఇక విడిగా లేదు, 2.1లో కలిసిపోయింది, 2.1లోని కొత్త సదుపాయాలన్నీ ఐచ్ఛికమే అని. కాబట్టి 4కే 120 హెర్ట్జ్ లేని పోర్టు మీద కూడా 2.1 అని రాసుకోవచ్చు. "4కే 120 హెర్ట్జ్ వస్తుందా, వీఆర్‌ఆర్ (గేమ్ వేగాన్ని బట్టి రిఫ్రెష్ రేట్ మారడం) ఉందా, ఎన్ని పోర్టుల్లో" అని విడివిడిగా చూసుకోవాలి.

టీవీ కొనాలంటే కాలం కూడా చూడాలి. కొత్త మోడళ్ళని ఏటా జనవరిలో సీఈఎస్ అనే ఎలక్ట్రానిక్స్ ప్రదర్శనలో చూపిస్తారు, అవి దుకాణాల్లోకి వచ్చేసరికి మార్చి, ఏప్రిల్, ఒక్కోసారి మే. ఆ లోపు పాత ఏడాది సరుకు వదిలించుకోవాలి. పోయినేటి మంచి టీవీ, ఈ ఏటి మామూలు టీవీ ఒకే ధరకి వచ్చే కాలం అదే. నేనైతే ఎప్పుడూ పోయినేటిదే తీసుకుంటాను.

తొందరుంది
ఇంత పరిశోధన చేసే టైమ్ ఎవరికుంది బాబూ. ఒక ఛార్జర్ కొనడానికి కూడా గ్రాఫులు చూడమంటారా?

లెక్కలపుస్తకం
ఛార్జర్‌కి వద్దు. నెల జీతంలో చెప్పుకోదగ్గ ముక్క పోయే వస్తువుకే. నేను చేసేదల్లా కావలసిన మోడల్‌కి ఒక ధర అనుకుని, ట్రాకర్‌లో అలర్ట్ పెట్టి మర్చిపోవడం. మెయిల్ వస్తే చూస్తాను, రాకపోతే లేదు. రోజూ సేల్ పేజీలు తిరగేసేవాళ్ళకన్నా నాకే తక్కువ టైమ్ పడుతుంది, ఒట్టు. పైగా ఆ పేజీలు తిరగేస్తే కావలసింది దొరక్కపోయినా అక్కర్లేనివి నాలుగు దొరుకుతాయి.

కౌంటర్‌వెనక
చాలా ఏళ్ళు ఎలక్ట్రానిక్స్ దుకాణంలో అమ్మకాల్లో పనిచేశాను. అటువైపు నుంచి కొంచెం చెప్తాను.

టీవీ, ల్యాప్‌టాప్ లాంటి పెద్ద వస్తువుల మీద దుకాణానికి మిగిలేది తక్కువ. మిగిలేదంతా దాంతోపాటు అంటగట్టే చిన్నవాటి మీద: కేబుల్, కవర్, స్క్రీన్ గార్డ్, గోడ స్టాండ్, అన్నిటికన్నా ముఖ్యంగా పొడిగించిన వారంటీ. మాకు రోజువారీ టార్గెట్ టీవీల మీద ఉండేది కాదు, వారంటీ కాగితాల మీద ఉండేది. కాబట్టి టీవీ ధర దగ్గర అంత ఉదారంగా ఉన్నవాళ్ళు బిల్లు దగ్గర ఎందుకు అంత ప్రేమగా మాట్లాడతారో అర్థం చేసుకోండి. హెచ్‌డీఎంఐ కేబుల్‌లో బంగారు పూత కథలు వినొద్దు. పెట్టె మీద "అల్ట్రా హై స్పీడ్" అని స్కాన్ చేసే లేబుల్ ఉంటే చాలు, ఎంత చౌకదైనా పనిచేస్తుంది.

బేరం ఆడేవాళ్ళకి ఒక మాట. ధర తగ్గించమంటే సేల్స్‌మన్ చేతిలో ఏమీ ఉండదు, సిస్టమ్ ఒప్పుకోదు. "అదే ధరకి ఇది కూడా ఇవ్వండి" అంటే ఉంటుంది. బ్యాగు, మౌస్, ఇంటికి తెచ్చి బిగించడం ఇలాంటివి. ఇంకోచోట తక్కువకి ఉంటే ఆ పేజీ చూపించి అదే ధరకి ఇమ్మని అడగండి. చాలా పెద్ద దుకాణాలకి ఆ పాలసీ ఉంటుంది, అడగనివాళ్ళకి చెప్పరు. అయితే మోడల్ నంబరు అచ్చంగా అదే అయ్యుండాలి. టీవీముందర గారు చెప్పిన ఆ ఒక్క అక్షరం తేడా అక్కడ కూడా పనిచేస్తుంది, మీకు కాదు, దుకాణానికి.

అసలైన చౌక ఎక్కడుంటుందంటే, పెట్టె తెరిచి వెనక్కి ఇచ్చినవాటిలో. ఎవరో రంగు నచ్చలేదని మర్నాడే తిరిగి ఇచ్చేస్తారు. అది మళ్ళీ కొత్తదిగా అమ్మడానికి లేదు. డిస్‌ప్లేలో పెట్టిన టీవీ మాత్రం వద్దు. అది పొద్దున్నుంచి రాత్రి దాకా పూర్తి వెలుతురుతో నడుస్తూ ఉంటుంది, ఓఎల్‌ఈడీ (ప్రతి చుక్కా తానే వెలిగి అరిగిపోయే రకం తెర) అయితే అసలు ముట్టుకోకండి. డిస్‌ప్లేలో పెట్టిన ల్యాప్‌టాప్ ఫర్వాలేదు, బ్యాటరీ ఒకసారి చూసుకుంటే.

కొత్తబేరం
@కౌంటర్‌వెనక గారూ, చాలా థాంక్స్. వడ్డీ లేని వాయిదాలు అంటున్నారు, అది నమ్మొచ్చా?

కౌంటర్‌వెనక
వడ్డీ ఎవరో ఒకరు కట్టాలి కదమ్మా. మొత్తం ఒకేసారి కడితే తగ్గింపు ఉందా అని అడగండి. ఉంటే, వాయిదాల్లో పోయే ఆ తగ్గింపే మీ వడ్డీ. లేకపోతే నిజంగా వడ్డీ లేనట్టే, ప్రాసెసింగ్ ఫీజు ఒక్కటి చూసుకోండి.

పాతబంగారం
ఎవరూ సెకండ్ హ్యాండ్ మాట ఎత్తరేం? గేములు లేకుండా ఎడిటింగ్ నేర్చుకోవడం వరకే అయితే, ఆఫీసుల్లో వాడి మూడు నాలుగేళ్ళకి తీసేసిన బిజినెస్ ల్యాప్‌టాప్‌ని మించిన బేరం లేదు. మంచి కీబోర్డు, విప్పడానికి వీలైన బాడీ, దొరికే స్పేర్ పార్టులు.

ఇప్పుడు ఆ మార్కెట్లో ఒక తిరకాసు ఉంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విండోస్ 11 అధికారికంగా పడాలంటే ఇంటెల్‌లో 8వ తరం లేదా ఆ పైన, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి. అందుకే 6, 7 తరాల ల్యాప్‌టాప్‌లు గుట్టలుగా, నమ్మలేనంత చౌకగా కనిపిస్తున్నాయి. "ఐ7" అన్న మాట చూసి కొనేస్తారు జనం. 7వ తరం ఐ7 కన్నా 8వ తరం ఐ5 మేలు. దాన్లో విండోస్ 11 పడుతుంది, చాలావాటిలో కోర్లు కూడా ఎక్కువ. లినక్స్ వేసుకునేవాళ్ళకైతే ఆ పాతవి పండగే, అది వేరే కథ.

చేతిలోకి తీసుకున్నాక చూడాల్సినవి: కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ, స్పేస్, స్లాష్, బ్యాటరీరిపోర్ట్ అని ఇంగ్లీషులో కొడితే ఒక ఫైల్ వస్తుంది. అందులో బ్యాటరీ తయారైనప్పటి సామర్థ్యం, ఇప్పుడు నిండుతున్న సామర్థ్యం పక్కపక్కనే ఉంటాయి. 50 వాట్-అవర్ల బ్యాటరీ 28 దగ్గర ఆగుతుంటే కొత్త బ్యాటరీ ఖర్చు ధరలోంచి తగ్గించమనండి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌తో ఎస్‌ఎస్‌డీ ఆరోగ్యం తెలుస్తుంది. ఆన్ చేసి బయోస్‌లోకి (విండోస్ మొదలవకముందు వచ్చే సెట్టింగుల పేజీ) వెళ్ళండి. పాస్‌వర్డ్ అడిగిందా, వదిలేసి రండి. పాత కంపెనీ రిమోట్ నిర్వహణ ఇంకా అంటుకుని ఉంటే ఫార్మాట్ చేసినా మళ్ళీ వాళ్ళ లాగిన్ పేజీయే వస్తుంది.

ఫోన్లకైతే *#06# కొట్టి ఐఎంఈఐ (ఫోన్ గుర్తింపు నంబరు) చూసి, దొంగ ఫోన్ల జాబితాలో ఉందేమో సరిచూడాలి. అమ్మేవాళ్ళు మీ కళ్ళముందే తమ ఖాతాలోంచి లాగౌట్ అయి రీసెట్ చేయాలి. "ఇంటికెళ్ళాక పాస్‌వర్డ్ పంపిస్తా" అంటే ఆ ఫోన్ మీది కాదు.

తొందరలేదు
అన్నీ చదివాను. నా సిద్ధాంతం ఒక్కటే: ఆగండి. ఎలక్ట్రానిక్స్ ధర ఎప్పుడూ కిందికే వస్తుంది. ఈ రోజు కొన్నవాడికన్నా ఆరు నెలలు ఆగినవాడిదే తెలివి.

లెక్కలపుస్తకం
@తొందరలేదు అన్నా, ఈ మాట ప్రతి చర్చలోనూ రాస్తావు. "ఎప్పుడూ" అనకు. 2011లో థాయ్‌లాండ్ వరదల్లో హార్డ్ డిస్క్ ఫ్యాక్టరీలు మునిగితే ఆగినవాళ్ళు నెలల తరబడి ఎక్కువ కట్టారు. 2021లో గ్రాఫిక్స్ కార్డుల సంగతి గుర్తుందిగా, క్రిప్టో కరెన్సీ మైనింగ్‌వాళ్ళు ఎగబడితే పాత కార్డులు కూడా కొత్త ధరకన్నా పైన అమ్ముడుపోయాయి. ఆ కరువు 2022లో కానీ తీరలేదు. ఆ సెప్టెంబర్లో ఇథీరియం అనే క్రిప్టో కరెన్సీ తన పద్ధతి మార్చుకుని కార్డులతో మైనింగ్ అక్కర్లేకుండా చేసింది. ఇక 2025 చివర్లో ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్పుల్ని ఎగరేసుకుపోతే ర్యామ్ ధరలు కొన్ని నెలల్లోనే రెట్టింపు దాటిపోయాయి. ఆ డిసెంబర్లో మెమరీ చిప్పులు తయారుచేసే మైక్రాన్ ఏకంగా క్రూషియల్ పేరుతో మామూలు జనానికి అమ్మే వ్యాపారమే మూసేస్తున్నానని ప్రకటించింది.

ఫోన్, టీవీ అయితే ఆగడం కలిసొస్తుంది, వాటికి ఏటా కొత్త మోడల్ వస్తుంది కాబట్టి. ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, గ్రాఫిక్స్ కార్డు, వీటి ధర ఉల్లిపాయల ధర లాంటిది. సరఫరాని బట్టి పోతుంది. ఆమె కొనేది ల్యాప్‌టాప్, అందులో ఈ మూడూ ఉన్నాయి.

తొందరలేదు
సరే, మెమరీ విషయంలో ఒప్పుకుంటా. కానీ ఈ పేరు చెప్పి "ఇప్పుడు కొనకపోతే ఇక దొరకదు" అని భయపెట్టే అమ్మకందార్లు కూడా బయల్దేరారు. దానికేమంటావు?

లెక్కలపుస్తకం
దానికి గ్రాఫ్ ఉంది 🙂

నిద్రలేనిపిక్సెల్
మధ్యలో ఫోన్ గురించి ఒక ప్రశ్న. రెండేళ్ళ కిందటి పై స్థాయి ఫోన్ ఇప్పుడు సగం ధరకి వస్తోంది. ఈ ఏటి మధ్య స్థాయి ఫోన్ కూడా అదే ధర. ఏది?

పాతబంగారం
కెమెరా కోసమైతే పాత పెద్దదే. అయితే అప్‌డేట్లు ఎప్పటిదాకా ఉన్నాయో చూసి కొనండి. గూగుల్ 2023 అక్టోబర్లో పిక్సెల్ 8తో ఏడేళ్ళు అంది, శామ్‌సంగ్ 2024 జనవరిలో గెలాక్సీ ఎస్24తో ఏడేళ్ళు అంది. ఈ లెక్క ఫోన్ విడుదలైన నాటి నుంచి మొదలవుతుంది, మీరు కొన్న నాటి నుంచి కాదు. అంటే పిక్సెల్ 8 మీరు ఎప్పుడు కొన్నా 2030 అక్టోబరే గడువు. ఉన్న ధరని మిగిలిన ఏళ్ళతో భాగించండి. నాలుగేళ్ళే అప్‌డేట్లు ఇచ్చే ఫోన్‌ని రెండేళ్ళు పాతదిగా సగం ధరకి కొంటే మిగిలేదేమీ లేదు, ఏడాదికి పడే ఖర్చు కొత్తదానంతే.

ఇంకోటి, ఛార్జర్ పెట్టెలో వస్తుందా? చాలా కంపెనీలు ఇవ్వడం మానేశాయి. అది కూడా కలిపి పోల్చండి.

డీల్‌బాంబు
మిత్రులారా రోజూ 90 శాతం తగ్గింపు డీల్స్ కోసం మా ఛానల్‌లో చేరండి!! 50,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ ఈ రోజే!! [లింకు తొలగించబడింది]

వేదిక నిర్వాహకులు
రిఫరల్ లింకు తీసేశాం, ఖాతా ఆపేశాం. పోస్టు మాత్రం ఉంచుతున్నాం. ఆ పవర్ బ్యాంక్ గురించి ఎవరైనా నాలుగు మాటలు రాస్తే బాగుంటుంది.

సర్క్యూట్‌పిచ్చి
ఇలాంటి అవకాశం కోసమే ఎదురుచూస్తున్నా.

పవర్ బ్యాంకుల్లో మామూలుగా వాడే గుండ్రటి 18650 సెల్ ఒక్కోటి మంచి రకమైతే 3,500 ఎంఏహెచ్ దాకా ఉంటుంది. బరువు 45 నుంచి 50 గ్రాములు. 50,000 రావాలంటే అలాంటివి 15 కావాలి. ఉత్త సెల్లులే 700 గ్రాముల దాకా తూగుతాయి, పైన పెట్టె, సర్క్యూట్ అదనం. పేజీలో దాని బరువు ఎంత రాశారో చూడండి. 300 గ్రాములన్నారా, అందులో మహా అయితే 20,000 ఉంటుంది. అంతకన్నా ఉండే చోటే లేదు. కొన్నిట్లో బరువు కోసం ఇసుక పోసిన కథలు కూడా ఉన్నాయి కాబట్టి బరువు సరిపోతే నిజమని కాదు, సరిపోకపోతే మాత్రం కచ్చితంగా అబద్ధం.

మంచి కంపెనీ 10,000 ఎంఏహెచ్ కూడా ఫోన్‌కి 10,000 ఇవ్వదు, అది మోసం కాదు. సెల్ ఓల్టేజి 3.7. కాబట్టి 37 వాట్-అవర్లు. యూఎస్‌బీ 5 ఓల్టుల దగ్గర లెక్కేస్తే 7,400, మార్పిడిలో వేడిగా పోయింది తీసేస్తే 6,000 నుంచి 6,500. నిజాయితీ ఉన్న కంపెనీలు ఈ చిన్న అంకెని కూడా వెనక అచ్చేస్తాయి. ఆ అంకె అచ్చేశారా లేదా అన్నదే నా పరీక్ష. ఇంకో సంగతి, 50,000 నిజమే అయితే అది 185 వాట్-అవర్లు, విమానంలోకి రానివ్వరు. 100 దాటితే అనుమతి కావాలి, 160 దాటితే అసలు కుదరదు. "విమానంలో తీసుకెళ్ళొచ్చు" అని కూడా అదే పేజీలో రాసి ఉంటే ఇక చెప్పేదేముంది. చెప్పేవాడికి వినేవాడు లోకువ.

మెమరీ కార్డులు, పెన్ డ్రైవులు కూడా ఇదే బాపతు. 2 టీబీ పెన్ డ్రైవ్ అగ్గువకి దొరికితే లోపల 32 జీబీ చిప్పు పెట్టి, 2 టీబీ అని చెప్పేలా సాఫ్ట్‌వేర్ మార్చి ఉంటారు. 32 నిండేదాకా బాగానే ఉంటుంది, ఆ తర్వాత రాసినవి గాల్లో కలిసిపోతాయి. కొన్నరోజే విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, లినక్స్‌లో ఎఫ్3 నడిపించండి. డ్రైవ్ మొత్తం నింపి మళ్ళీ చదివి సరిచూస్తాయి. గంటలు పడుతుంది, రాత్రి పెట్టి పడుకోండి.

నిద్రలేనిపిక్సెల్
రివ్యూలు చూసి కొంటే సరిపోదా? ఆ పవర్ బ్యాంకుకి 4.6 నక్షత్రాలున్నాయి.

టీవీముందర
ఆ నక్షత్రాలు దేనివో చూశారా? వేరే వస్తువు పేజీని కొనేసో, రకాల జాబితాలో కలిపేసో, ఫోన్ కవర్‌కి వచ్చిన రివ్యూలన్నీ పవర్ బ్యాంకు కిందకి తెస్తారు. పాతవి నాలుగు తెరిచి చదివితే "రంగు బాగుంది, ఫోన్‌కి సరిగ్గా పట్టింది" అని ఉంటుంది. అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ఎఫ్‌టీసీ అనే ప్రభుత్వ సంస్థ 2024 అక్టోబర్ 21 నుంచి దొంగ రివ్యూల మీద నిషేధం పెట్టింది, జరిమానాలు కూడా ఉన్నాయి. అయినా ఆగుతాయనుకోను. దొంగ రివ్యూలు పట్టే ఫేక్‌స్పాట్ అనే సైట్ ఉండేది, దాన్ని నడిపే మొజిల్లా కంపెనీ 2025 జూలై 1న మూసేసింది.

నేను రెండు, మూడు నక్షత్రాల రివ్యూలే చదువుతాను. ఐదు ఇచ్చినవాళ్ళు పెట్టె తెరిచిన ఆనందంలో ఉంటారు, ఒకటి ఇచ్చినవాళ్ళు కొరియర్ మీద కోపంతో ఉంటారు. అందులోనూ కొత్త తేదీవి ముందు పెట్టుకుని చదవాలి.

సర్క్యూట్‌పిచ్చి
కొత్త తేదీ అన్న మాట చాలా ముఖ్యం. ఎస్‌ఎస్‌డీల్లో ఒకే పేరుతో లోపలి చిప్పులు మార్చేసిన ఉదాహరణలు 2021లో వరసగా బయటపడ్డాయి. ఒకదాన్ని టీఎల్‌సీ అనే వేగమైన రకం చిప్పులతో విడుదల చేసి, రివ్యూలన్నీ వచ్చాక క్యూఎల్‌సీ అనే చౌక, నెమ్మది రకం పెట్టారు. పెద్ద ఫైళ్ళు ఎక్కించేటప్పుడు క్యాష్ (రాతని ముందుగా అందుకునే వేగమైన భాగం) నిండాక వేగం కుప్పకూలుతుంది. విడుదలైన వారం రివ్యూ చదివి రెండేళ్ళ తర్వాత కొంటే మీరు కొనేది ఆ వస్తువే అన్న గ్యారంటీ లేదు.

పాతబంగారం
ఇంత చర్చ జరిగి ప్రింటర్ ప్రస్తావన రాలేదంటే ఆశ్చర్యం. చౌక ప్రింటర్ డీల్ అనేది ప్రపంచంలో లేదు. ఇంకు డీల్ ఉంటుంది, లేదా ఉండదు. అంతే.

కొత్తబేరం
అందరికీ చెప్పాలి. 55 శాతంది వదిలేశాను. రెండో ల్యాప్‌టాప్ గ్రాఫ్ చూస్తే చాలాకాలంగా దాదాపు ఒకే ధర దగ్గర ఉంది, ఇప్పుడు ఉన్నది దానికన్నా కొంచెమే తక్కువ. అలర్ట్ పెడదామనుకున్నా కానీ ర్యామ్ సంగతి చదివాక ఆగాలనిపించలేదు. ఒక దుకాణంలో అదే మోడల్ నంబరు, పెట్టె తెరిచి వెనక్కి ఇచ్చింది దొరికింది. కంపెనీ వారంటీ పూర్తిగా ఉంది, బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకున్నాను. మొదట చూసిన ల్యాప్‌టాప్ కన్నా కొద్దిగా ఎక్కువ పడింది. పొడిగించిన వారంటీ తీసుకోమని నిజంగానే చాలా ప్రేమగా అడిగారు 🙂 వద్దన్నాను, బ్యాగు ఇమ్మన్నాను, ఇచ్చారు.

తిరిగి ఇచ్చే గడువు రెండు వారాలు ఉంది. ఈలోపు ఏం చూసుకోవాలి?

సర్క్యూట్‌పిచ్చి
మంచి బేరం. ముందు బ్యాటరీ రిపోర్ట్, ఎస్‌ఎస్‌డీ ఆరోగ్యం, పైన చెప్పినట్టే. స్క్రీన్ మీద పూర్తి నలుపు, తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కోటి పెట్టి చీకటి గదిలో చచ్చిన పిక్సెళ్ళు, అంచుల్లో కాంతి కారడం చూడండి. అన్ని పోర్టుల్లోనూ ఏదో ఒకటి పెట్టి చూడండి. వైఫై రౌటర్‌కి దూరంగా వెళ్ళి ఒక వీడియో చూడండి.

తర్వాత తమ్ముడిని పిలిచి బరువైన గేమ్ ఒకటి అరగంట ఆడమనండి. పక్కన హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రామ్ తెరిచి గ్రాఫిక్స్ కార్డు ఎన్ని వాట్లు తీసుకుంటోందో చూడండి. 115 దగ్గరికి వెళ్ళాలి. వెళ్ళకపోతే కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో పెర్ఫార్మెన్స్ మోడ్ పెట్టి మళ్ళీ చూడండి. అప్పటికీ 70 దాటకపోతే ఛార్జర్ మీద అచ్చేసిన వాట్లు చదవండి. వెనక్కి ఇచ్చినవాటిలో ఒక్కోసారి చిన్న ఛార్జర్ వేరే మోడల్‌ది పెట్టి ఇచ్చేస్తారు. ఈ ల్యాప్‌టాప్‌కి కంపెనీ పేజీలో ఎంత ఉందో దాంతో సరిపోవాలి. 100 వాట్ల టైప్-సీ ఛార్జర్ వస్తే మాత్రం వెంటనే వెళ్ళి మార్చుకోండి, దాంతో ప్రాసెసర్‌కీ కార్డుకీ కలిపి సరిపోదు.

కొత్తబేరం
ఛార్జర్ మీద 230 వాట్లని ఉంది. కంపెనీ పేజీలో కూడా అంతే. గేమ్ సంగతి చెప్పగానే తమ్ముడు అరగంట కాదు, పొద్దున్నుంచీ "పరీక్షిస్తూనే" ఉన్నాడు.

తొందరుంది
తమ్ముడు గారికి మంచి మౌస్ చౌకగా ఎక్కడుందో నాకు తెలుసు, లింకు ఇవ్వనా?

వేదిక నిర్వాహకులు
మౌస్‌కి వేరే చర్చ తెరవండి. మోడల్ నంబరుతో సహా.